పాపకు ఇవ్వవచ్చు

ఇల్లు,
జనవరి 9.

మనవరాలికి,

ముందు నీకు కావలసిన అంకె రాస్తాను. మిగతావి తర్వాత. 7వ తేదీన తీసిన రక్తంలో పాపకు ఫినైల్ అలనిన్ 8.4 వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో 4.8 ఉండేది. ఆరు దాటకూడదని డాక్టరు గీసిన ఎర్రగీత మనిద్దరికీ తెలుసు. నీ చేతుల్లో ఒక్కసారి కూడా ఆ గీత దాటని పిల్ల, నువ్వు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్లి పది వారాలు తిరక్కుండానే దాటింది. నువ్వు అనుకునేలోపు ఈ మాట నేనే రాయడం మంచిదని రాస్తున్నాను.

నా తూకంలో తప్పు లేదు. పొద్దున బంగాళాదుంప 60 గ్రాములు, మధ్యాహ్నం అన్నం 45, క్యారెట్టు 50, సాయంత్రం ఆసుపత్రి వాళ్లిచ్చే గంజిపిండి రొట్టె రెండు ముక్కలు, సగం ఆపిలు. పాలు, పప్పు, గుడ్డు, మాంసం, గింజలు గడప దాటి లోపలికి రావడం లేదు. పాప ముందు తినడం ఎందుకని నేను మానేశాను, మీ చిన్నమ్మమ్మ చేత కూడా మాన్పించాను.

పొడి మాటకొస్తే, గ్లాసుకు 20 గ్రాములు, రోజుకు మూడు గ్లాసులు. ఒక్క గ్లాసూ తప్పలేదు. తిండిలో మాంసకృత్తులున్న చోటల్లా ఉండే ఆ ఒక్క ఫినైల్ అలనిన్‌ని దాని ఒళ్లు అరిగించుకోలేదు గనక, అది తప్ప మిగతా అమైనో ఆమ్లాలన్నీ ఉన్న ఆ పొడే దానికి పాలూ పప్పూ. వాసన నీకు తెలిసిందే. పాత బూట్లు నానబెట్టిన నీళ్లు అంటుంది మీ చిన్నమ్మమ్మ. చక్కెర వేస్తే పళ్లు పుచ్చుతాయి కాబట్టి గ్లాసుకు రెండు తీపి బిళ్లలు వేస్తున్నాను.

లెక్క సరిగా ఉండి ఫలితం తప్పుగా వచ్చిందంటే, లెక్కలోకి రానిది ఏదో లోపలికి వెళుతోందని అర్థం. తూనికల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన పని ఇదే. ఇంట్లో నేను కాక ఉన్నది మా చెల్లెలు ఒక్కతే. నిన్న అడిగాను.

"పాపకు ఏమైనా పెట్టావా?"

"పెట్టా. రెండు ముద్దులు. అవి ఎన్ని గ్రాములో నువ్వే రాసుకో అక్కా."

దీన్ని నేను నవ్వులాటగా తీసుకోలేదు.

ఫోన్ చేయకు. సగం వినపడదు, విన్న సగం గుర్తుండదు. కాగితం మీద ఉన్నదైతే ఎవరూ కాదనలేరు.

అమ్మమ్మ


ఫ్యాక్టరీ హాస్టలు, గది 14,
జనవరి 20.

అమ్మమ్మా,

నీ ఉత్తరం పొద్దున షిఫ్టుకు వెళ్లేముందు అందింది. రోజంతా ఆ 8.4 నా కళ్లముందే తిరిగింది. బిస్కెట్ ప్యాకెట్ల మీద బరువు చూసినా అదే, తేదీ చూసినా అదే.

డాక్టరు మొదటి రోజు అన్న మాట గుర్తుందా? "గీత దాటిన ప్రతి వారం మెదడులోంచి కొంచెం పట్టుకుపోతుంది. పట్టుకుపోయింది తిరిగి ఇస్తుందన్న పూచీ లేదు" అన్నాడు. పాపను, నా పిచ్చుకను, ఒళ్లో పెట్టుకుని విన్నాను. అది ఆయన పెన్ను లాక్కుంటోంది.

నీ లెక్కను అనుమానించి అడగడం కాదు, నా మనసు ఊరుకోక అడుగుతున్నాను. దగ్గు మందు ఏమైనా తాగించారా? పక్కింటి పిల్లలతో ఆడేటప్పుడు ఏమైనా తింటోందా? ఆ తీపి బిళ్లల్లో కొన్ని రకాల్లో ఇదే ఆమ్లం ఉంటుందని నర్సు చెప్పింది. మనం వాడేవి అవి కావు, తెలుసు. అయినా ఒక్కసారి చూడు.

చిన్నమ్మమ్మ అలాంటి పని చేస్తుందంటే నాకు మింగుడుపడటం లేదు. కానీ నువ్వు తూచకుండా మాట అనవని కూడా తెలుసు. చిన్నప్పటి నుంచీ మన ఇంట్లో ఆఖరి మాట నీ లెక్కల పుస్తకానిదే కదా.

దాని జుట్టు కత్తిరించావా? కళ్లలో పడుతుంది.

నీ మనవరాలు


ఇల్లు,
ఫిబ్రవరి 12.

మనవరాలికి,

9వ తేదీ రక్తం 10.1.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. దగ్గు మందు లేదు. పక్కింటి పిల్లలు రావడం నేనే ఆపేశాను. బిళ్లలు చూశాను. కిందటి ఆగస్టులో నువ్వూ నేనూ నర్సు దగ్గరికి తీసుకువెళ్లి, ఆమె ఎదుట భూతద్దంతో చదివి, ఇంటికి వచ్చి స్టీలు డబ్బాలో పోసినవి. బజారు సీసాలు, బజారు పొట్లాలు నా అలమరలో ఉండవు. అన్నిటికీ నా డబ్బా, నా చీటీ. దీని చీటీ మీద "పరీక్షించినవి. పాపకు ఇవ్వవచ్చు" అని తేదీతో సహా నా చేత్తో రాసి ఉంది.

పాప సంగతి దాచను. మోచేతుల మడతల్లో ఎర్రగా పేలింది. ఒళ్లు తడి గోనెసంచిలా ఒక రకం వాసన వేస్తోంది. ఒకచోట కూర్చోదు. కుర్చీ ఎక్కించిన మరుక్షణం దిగుతుంది, ఎందుకు దిగిందో దానికే తెలియనట్టు నిలబడుతుంది. రంగు పెన్సిళ్లు ఇస్తే ఎరుపును ఎరుపు అంటోంది, మిగతావన్నీ కూడా ఎరుపే అంటోంది.

నిన్న మా చెల్లెలు దారం కొనడానికి వెళ్లినప్పుడు దాని కుట్టుసామాన్ల పెట్టె తీసి చూశాను. గుడ్డ పీలికల కింద సగం ఖాళీ అయిన పాల బిస్కెట్ల ప్యాకెట్టు ఉంది. బల్ల మీద పెట్టి కూర్చున్నాను. వచ్చింది, చూసింది.

"ఇదేమిటి?"

"బిస్కెట్లు."

"ఎవరికి?"

"నాకు. ఈ ఇంట్లో బిస్కెట్టు తినాలంటే దొంగతనంగా తినాలి కదా. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంకా నీకు భయపడి పీలికల కింద దాచుకుంటున్నా. సిగ్గు నాకా, నీకా?"

"తొమ్మిది తక్కువ ఉన్నాయి."

"తొమ్మిదీ నేనే తిన్నా."

"సాక్ష్యం ఏమిటి?"

అప్పుడు అది నవ్వింది. "నా పొట్టని కూడా కాటాలో పెట్టు అక్కా" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

తొమ్మిది పాల బిస్కెట్లు పాప కడుపులోకి వెళితే అంకె ఇంత పెరుగుతుంది. లెక్క కట్టి చూశాను. నువ్వు తల్లివి, ఏం చేయాలో నువ్వే రాయి. నీ మాట చేస్తాను.

అమ్మమ్మ


ఫ్యాక్టరీ హాస్టలు,
ఫిబ్రవరి 20.

అమ్మమ్మా,

చిన్నమ్మమ్మను పంపించెయ్యి.

ఎక్కడికైనా సరే. పిచ్చుక ఉన్న ఇంట్లో ఆమె ఉండకూడదు. ప్రేమతోనే పెట్టి ఉంటుంది, ఒకటి తింటే ఏమవుతుందిలే అనుకుని ఉంటుంది. ఆ ప్రేమ నాకు వద్దు. ఇంకో నెల నేను ఆగలేను.

ఈ కాగితం ఆమెకు చూపించు. నీ మీద పెట్టుకోకు, నేను రాశానని చెప్పు.

నీ మనవరాలు


ఇల్లు,
మార్చి 14.

మనవరాలికి,

మా చెల్లెలు ఫిబ్రవరి 25న వెళ్లింది. రెండు వీధుల అవతల గొడుగులు బాగుచేసే షాపు ఉంది కదా, దాని మీది గదిలో దిగింది. షాపతని భార్య ఒకప్పుడు దీని దగ్గర కుట్టు నేర్చుకుందట. మిషను తోపుడుబండి మీద వెళ్లింది. నీ కాగితం చూపించాను. చదవడానికి చాలాసేపు పట్టింది. అయిదో తరగతితో బడి మానింది, అక్షరాలు కూడబలుక్కోవాలి. మడిచి నా చేతిలో పెట్టి, "పిల్ల రాసింది కాబట్టి వెళ్తున్నా. నువ్వంటే వెళ్లేదాన్ని కాదు" అంది. నీకు ఉత్తరం రాస్తానని కూడా అంది. బతిమాలుతుంది. చదవకపోయినా ఫరవాలేదు.

పొడి తాగించడం కష్టంగా ఉంది. మా చెల్లెలు ఉన్నప్పుడు గ్లాసు పట్టుకుని ఏవో పిచ్చి కథలు చెప్పేది, పాప కథ కోసం తాగేది. నాకు కథలు రావు. మొదటి రోజు గ్లాసు గోడకేసి కొట్టింది. అప్పటి నుంచి గ్లాసుకు నాలుగు బిళ్లలు వేస్తున్నాను. రోజుకు పన్నెండు. అలాగైతే ఏడుస్తూ అయినా తాగుతోంది. ఒక్క చుక్క వదలనివ్వడం లేదు.

12న రక్తం ఇచ్చి వచ్చాం. ఫలితం రాగానే కార్డు వేస్తాను. ఈసారి తగ్గి తీరాలి.

జుట్టు కత్తిరించాను.

అమ్మమ్మ


ఫ్యాక్టరీ హాస్టలు,
మార్చి 21.

అమ్మమ్మా,

చాలా రోజుల తర్వాత కొంచెం గాలి పీల్చుకుంటున్నాను. ఫలితం రాకముందే తగ్గిందని మనసు చెబుతోంది. అందుకని ఈసారి ఇక్కడి కబుర్లు రాస్తాను, నీకు నచ్చే కబురొకటి ఉంది.

బిస్కెట్ల పిండి మెత్తబడటానికి మా వాళ్లు చిటికెడు అమైనో ఆమ్లం కలుపుతారు. సిస్టీన్ అంటారు. తెల్లటి పొడి, ఉప్పులా ఉంటుంది. ఇన్నాళ్లూ ఒకరి దగ్గర కొనేవారు, వాళ్లు దాన్ని మొలాసిస్, అంటే చెరకు మడ్డి, పులియబెట్టి తీసేవారు. కిందటి నెల కొనుగోలు విభాగం వాళ్లు ఇంకొకరి దగ్గర కొన్నారు. అదే పొడి, అదే పేరు, అదే తెలుపు. కానీ వీళ్లు బాతు ఈకల్లోంచి తీస్తారట. మన ప్యాకెట్ల మీదేమో మాంసం తినని వాళ్లు కూడా తినవచ్చని గుర్తు ఉంది. సరుకుతో వచ్చిన కాగితం చదివి పట్టుకున్నది మా సూపర్‌వైజరమ్మ. రెండు లక్షల రేపర్లు చింపించింది. మేం ఆరుగురం కూర్చుని చింపాం.

కొనుగోలు ఆయన వచ్చి, "పొడి పొడే కదమ్మా, ఈకలు కనపడుతున్నాయా అందులో?" అన్నాడు.

ఆవిడ తల ఎత్తలేదు. "కనపడేదాన్ని చూడ్డానికి నేనెందుకండీ, కళ్లున్న ఎవరైనా చాలు. అమ్మేవాడు మారితే పాత కాగితం చెల్లదు. ముందు కాగితం, తర్వాత పొడి" అంది.

నువ్వు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాగే ఉండేదానివి అనుకున్నాను.

*మార్చి 22.* ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇవాళ నీ కార్డు వచ్చింది. 13.6.

చిన్నమ్మమ్మ వెళ్లిపోయాక పెరిగింది, అమ్మమ్మా. మరి ఎవరు పెడుతున్నారు?

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. చిన్నమ్మమ్మ ఉత్తరం మార్చి మొదటి వారంలోనే వచ్చింది. విప్పలేదు. ఆమె ఏడుపు చదివితే మెత్తబడతానని లాకరులో పడేశాను. నీ కార్డు చదివాక విప్పాను. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను.

"అమ్మాయీ, నేను బతిమాలడానికి రాయట్లేదు. నేను పెట్టలేదు, పెట్టలేదని ఇంకోసారి చెప్పను. ఒక్క సంగతి చూడండి. తీపి బిళ్లలు మారాయి. పాతవి మందంగా ఉండేవి. చలికాలం మొదట్లో పోసినవి పల్చగా ఉన్నాయి, మధ్యలో గీత ఉంది. నోట్లో వేసుకున్నా, ఆ తీపి వేరు. మీ అమ్మమ్మకి చెప్పా. డబ్బా మీద రాసింది చదువుకో, చదవడం రాదా అంది. నాకు అంత చదువు లేదు కాబట్టే నేను బిళ్లని చూశా, డబ్బాని చూడలేదు. పాప గొంతు గరగరమంటోంది, కాస్త గోరువెచ్చటి నీళ్లు పట్టించమను."

అమ్మమ్మా, ఆ బిళ్లలు ఏ కంపెనీవి? ఎప్పుడు పోశావు? సీసా ఏది?

ఇది అందిన రోజే జవాబు రాయి. బిళ్లలు ఆపెయ్యి. కావాలంటే చక్కెర వెయ్యి. పళ్లు పోతే పోతాయి.


ఇల్లు,
మార్చి 29.

మనవరాలికి,

నీ ఉత్తరం అందింది. బిళ్లలు ఇవాళ పొద్దున్నుంచి ఆపేశాను. చక్కెర వేశాను, తాగింది.

ఇక్కడ ఎండలు ముదురుతున్నాయి. కుళాయి వాషరు అరిగితే మార్పించాను. పాపకు కొత్త చెప్పులు కొనాలి, పాతవి బిగుతయ్యాయి. కాటాకు కొత్త బ్యాటరీలు వేశాను.

మిగతా విషయం కనుక్కుని రాస్తాను.

అమ్మమ్మ


ఇల్లు,
ఏప్రిల్ 3.

మనవరాలికి,

కిందటి ఉత్తరం రాసేటప్పటికే నాకు తెలుసు. రాయడానికి చెయ్యి రాలేదు. అయిదు రోజులు ఆలస్యం చేశాను.

డిసెంబరు 2న డబ్బా ఖాళీ అయింది. మందుల షాపుకు వెళ్లాను. పాత రకం లేదన్నాడు. "అదే సరుకమ్మా, కంపెనీ వేరు, అంతే" అన్నాడు. మూడు వందల బిళ్లల సీసా కొన్నాను. ఇంటికి వచ్చి డబ్బాలో పోసి, సీసా చెత్తబుట్టలో వేశాను. పుస్తకంలో "తీపి బిళ్లలు, 300" అని రాశాను. సంఖ్య రాసుకోవడానికి గడి ఉంది, కంపెనీ పేరుకు గడి లేదు. ఇలాగే ఇంకో రెండుసార్లు కొన్నాను. మూడు సీసాల మీదా ఆ వాక్యం ఉండి ఉండాలి. మూడింటినీ చదవకుండా పారేశాను.

మార్చి 29న ఆ షాపుకే వెళ్లి ఇంకో సీసా అడిగి, అక్కడే కౌంటరు దగ్గర నిలబడి భూతద్దం పెట్టాను. అడుగున, బియ్యపు గింజ వెడల్పు అక్షరాల్లో, "ఇందులో ఫినైల్ అలనిన్ ఉంది" అని ఉంది.

షాపతను, "షుగర్ పేషెంట్లకి చాలా మంచిదమ్మా" అన్నాడు.

"మాది షుగర్ కాదు" అన్నాను.

"మరి ఇంకేం భయం?" అన్నాడు.

అతని తప్పు లేదు. తన పని అతను చేశాడు, సీసా మీద ఉన్న చీటీతోనే అమ్మాడు. చీటీ లేకుండా సరుకు పెట్టుకున్నది నేను. చీటీ లేని పొట్లాలు అమ్మినందుకు నా ఉద్యోగంలో ఎంతమందికి నోటీసులిచ్చానో లెక్క చెప్పగలను. చెప్పను.

ఆసుపత్రికి వెళ్లి డాక్టరును అడిగితే ఒక్కో బిళ్లలో ఆ ఆమ్లం 11 మిల్లీగ్రాములు అన్నాడు. డిసెంబరు 2 నుంచి ఫిబ్రవరి 25 దాకా ఎనభై ఆరు రోజులు, రోజుకు ఆరు. ఆ తర్వాత ముప్పై ఒక్క రోజులు, రోజుకు పన్నెండు. మొత్తం 888 బిళ్లలు. తొమ్మిది గ్రాముల ఏడు వందల అరవై ఎనిమిది మిల్లీగ్రాములు నా చేత్తో తాగించాను. వద్దని ఏడుస్తుంటే ముక్కు మూసి తాగించాను. కిలోకు పది గ్రాముల తేడా ఉంటే దుకాణదారును మందలించి వదిలేసేదాన్ని.

ఇంకొకటి. మా చెల్లెలు బిళ్లలు మారాయని నాతో అన్నమాట నిజం. జనవరి 15న, మధ్యాహ్నం గ్లాసు దగ్గర. నువ్వు బిళ్లల గురించి అడిగిన ఉత్తరం వారం తర్వాత అందింది. అప్పుడైనా డబ్బా మూత తీసి చూడలేదు. చీటీ చూశాను. నీకు "చూశాను" అని రాశాను. చెల్లెలు చెప్పిన సంగతి రాయలేదు. నీకు రాయని సంగతి నా జన్మలో అదొక్కటే అనుకుంటాను. ఇక నా మాట నువ్వు ఎంతవరకు నమ్మాలో నీ ఇష్టం.

మొన్న గొడుగుల షాపు మీదికి వెళ్లాను. అది మిషను కుడుతోంది. తొక్కడం ఆపలేదు.

"తప్పు నాది" అన్నాను.

"తెలుసు."

"బిళ్లలే."

"అదీ తెలుసు. పాప ఎలా ఉంది?"

చెప్పాను. అప్పుడు ఆపింది.

"ఇంటికి రా" అన్నాను.

"రాను. నా పెట్టెలో చెయ్యి పెట్టి వెతికావు అక్కా. కన్నబిడ్డలా పెంచుకున్న పిల్లకి నేను విషం పెట్టానని రాయించావు. పాపని ఇక్కడికి పంపు, మూడుపూటలా నేనే తాగిస్తా."

"దాన్ని ఎవరు తీసుకొస్తారు?"

"నువ్వే తీసుకురా. మెట్ల దాకా."

ఆ ప్రకారమే చేస్తున్నాను. నీకు ఇంకోలా తోస్తే రాయి.

అమ్మమ్మ


ఫ్యాక్టరీ హాస్టలు,
ఏప్రిల్ 12.

అమ్మమ్మా,

నీ మీద నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. నాలుగింట్లోనూ నిన్ను అనరాని మాటలన్నాను. అయిదోది ఇది. ఇందులో కూడా అనకుండా ఉండలేను, కాబట్టి ఒక్కసారి అనేసి ఊరుకుంటాను. మూత తియ్యడానికి ఎంతసేపు పడుతుంది అమ్మమ్మా?

అంతే. ఇంక అనను. ఎందుకంటే "పంపించెయ్యి" అని రాసిన చెయ్యి నాది. ఆ కాగితం నువ్వు దాచే ఉంటావు. చిన్నమ్మమ్మ ఉత్తరం పదహారు రోజులు లాకరులో పెట్టింది నేను. ఆ పదహారు రోజులూ పూటకు నాలుగు చొప్పున వెళ్లాయి. నీ లెక్కలో నా వాటా ఎంతో నేనే వేసుకున్నాను. నూట తొంభై రెండు బిళ్లలు.

ఇక్కడ నా పని ఏమిటో తెలుసా? చీటీని నమ్మకుండా సరుకు చూడటం. దానికే జీతం ఇస్తారు. ఇంటి విషయానికి వచ్చేసరికి నీ అక్షరాలు చూసి తల ఊపాను. మన ఇంట్లో అందరికీ అదే అలవాటు, చిన్నమ్మమ్మ ఒక్కతికి తప్ప.

ఇక్కడి ఉద్యోగపు ఒప్పందం మే ముప్పయ్యో తేదీకి పూర్తవుతుంది. ముందే వదిలేస్తే ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన ఆరోగ్య కార్డు మీద వచ్చే పొడి డబ్బాలు ఆగిపోతాయి. అందుకని అప్పటిదాకా పళ్లు బిగపట్టి ఉంటాను. ఈలోగా నువ్వు గ్లాసు కలపకు. పొడి, చక్కెర, అన్నీ చిన్నమ్మమ్మ గదిలో పెట్టు, వాటి డబ్బాల్లోనే. తూకం నువ్వు చెప్పు, చెయ్యి ఆమెది.

పిచ్చుక నన్ను అడుగుతోందా? అడగకపోతే అడగడం లేదనే రాయి.

నీ మనవరాలు


ఇల్లు,
మే 16.

మనవరాలికి,

11వ తేదీ రక్తం 5.2. కాగితం దీనితో జత చేశాను. నా మాట కాదు, ఆసుపత్రి ముద్ర చూడు.

ఒంటి మీది ఎరుపు తగ్గింది. ఆ వాసన పోయింది. చక్కెర వేయకుండానే తాగుతోందట. మెట్ల కిందికి వినిపించినంతవరకు, నక్క ఒకటి చొక్కాకు గుండీలు కుట్టించుకోవడానికి వచ్చే కథ ఏదో నడుస్తోంది, నెల రోజులుగా ఆ నక్కకు గుండీలు పూర్తి కాలేదు.

డాక్టరు చెక్క దిమ్మలతో, బొమ్మలతో గంటసేపు పరీక్ష చేశాడు. నేను గోడ పక్కన కూర్చున్నాను. ఆయన మాటలు ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "పోయిందని చెప్పను, అంతా ఉందని చెప్పను. వయసుకు ఏడాది వెనక ఉంది. కొంత అందుకుంటుంది. ఎంత అన్నది బడికి వెళ్లే వేళకు తెలుస్తుంది." ఇంకా ఖచ్చితంగా చెప్పమన్నాను. "ఖచ్చితంగా చెప్పడానికి ఇది కాటా కాదమ్మా" అన్నాడు.

నిన్ను అడుగుతోంది. రోజూ కాదు. నీ దువ్వెన కనపడ్డ రోజు అడుగుతుంది.

రోజుకు మూడుసార్లు దాన్ని గొడుగుల షాపు దాకా నడిపించుకు వెళతాను. పైనుంచి మా చెల్లెలు దిగివచ్చి తీసుకువెళుతుంది. నాతో మాట్లాడదు. షాపతను స్టూలు వేస్తాడు. "పైకి వెళ్లండమ్మా, ఎన్నాళ్లు ఇక్కడ కూర్చుంటారు?" అని రోజూ అడుగుతాడు. మోకాళ్ల నొప్పులని రోజూ చెబుతాను. నొప్పులు లేవని అతనికీ తెలుసు.

తాగడం అయ్యాక పాప ఒక్కతే దిగుతుంది. మెట్లు పద్దెనిమిది. లెక్కపెట్టుకుంటూ దిగుతుంది. నువ్వు వెళ్లేనాటికి ఇరవై దాకా తడుముకోకుండా చెప్పేది. ఇప్పుడు ఏడు దాకా వచ్చి మళ్లీ ఒకటి అంటుంది. మొదటి రోజు నేను కిందినుంచి "ఎనిమిది" అని అందించాను. ఆగిపోయింది. నా ముఖంలోకి చూసి, ఏదో తప్పు చేసినట్టు ఆ మెట్టు మీదే కూర్చుండిపోయింది. దిగనంది. మా చెల్లెలు వచ్చి ఎత్తుకుని దించవలసి వచ్చింది.

అప్పటి నుంచి అందించడం లేదు. ఏడు, మళ్లీ ఏడు, తర్వాత నాలుగు. అది పైనుంచి అంటుంది, నేను కిందినుంచి దానితో పాటు అంటాను. ఆఖరి నాలుగో మెట్టు దగ్గర చెయ్యి చాస్తాను, పట్టుకుంటుంది.

నువ్వు వచ్చిన రోజు నువ్వు కూడా అలాగే లెక్కపెట్టు. ఎనిమిది అనకు.

అమ్మమ్మ